బస్రా తాత ఏ లెక్కలో ఉన్నాడు?

మేం ముగ్గురం ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లం. మాలో ఒకడి ఇంటిని వాళ్ల పల్లెలో ఇప్పటికీ "బస్రా వారి ఇల్లు" అంటారు. హాస్టల్లో ఉన్నప్పుడు వీళ్లెవరో బాసర సరస్వతమ్మ గుడికి వెళ్లొచ్చారు కాబోలు అనుకునేవాళ్లం. కాదట. వాడి ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రాకి వెళ్లి వచ్చాడట. సిపాయి అట, తుపాకీ పట్టి తురకలతో యుద్ధం చేశాడట. ఫోటో లేదు, కాగితం లేదు. రేకు పెట్టెలో గుడ్డలో చుట్టిన ఒక నల్లటి బిళ్ళ మాత్రం ఉంది.

ఆయన గురించి రాతపూర్వకంగా ఏమైనా దొరుకుతుందేమో చూద్దామని రెండేళ్ల కింద సంక్రాంతి సెలవుల్లో అనుకున్నాం. వెతికిన తీరు, చేసిన పొరపాట్లు రాస్తే తమ్ముళ్లకు పనికొస్తుందని ఈ వ్యాసం. ఆయన పేరు, ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

ముందుగా మేం నమ్ముకున్నది జనాభా లెక్కలను. 1881 నుంచి 2011 దాకా పదేళ్లకోసారి దేశమంతా ఒకేసారి జనాభాను లెక్కించారు. ఇంటింటికీ వచ్చి పేరు, వయసు, కులం, మతం, వృత్తి రాసుకున్నారు. అలాంటప్పుడు 1911 లెక్కల్లో ఆయన ఉండాలి, 1921లోనూ ఉండాలి. ఎక్కడో ఒక బీరువాలో మా పల్లె పుస్తకం ఉంటుంది, వెళ్లి పేజీ తిప్పడమే అనుకున్నాం. ఇంత అమాయకత్వం మళ్లీ మాకు రాదు.

జరిగింది ఇది. ఎన్యూమరేటరు షెడ్యూలులో రాసినదాన్ని ఆఫీసులో చీటీల మీదికి ఎక్కించేవాళ్లు. 1901 నుంచి ఈ చీటీల పద్ధతి వచ్చింది. మనిషికి ఒక చీటీ. ఆ చీటీలను గళ్ల పెట్టెల్లో మతం వారీగా, కులం వారీగా, వృత్తి వారీగా వేరు చేసి లెక్కపెట్టేవాళ్లు. లెక్క పుస్తకంలోకి ఎక్కిన తర్వాత చీటీతో పని తీరిపోయినట్టే. పేర్లున్న ఆ కాగితాలను భద్రపరచలేదు. మనకు మిగిలినవి పట్టికలు, నివేదికలు. ఫలానా జిల్లాలో ఫలానా కులం ఇన్ని వేలు అని ఉంటుంది. ఆ వేలల్లో మా బస్రా తాత ఒక అంకె. ఇక 1948 జనాభా లెక్కల చట్టం వచ్చాక, పేర్లతో ఉన్న రికార్డులు ఎవరూ చూడటానికి వీల్లేదని 15వ సెక్షన్లో రాసేశారు.

ఇంగ్లండులో అలా కాదు. వందేళ్లు దాటాక ఇంటింటి వివరాలు పేర్లతో సహా బయటపెడతారు. 1921 నాటివి 2022 జనవరిలో వచ్చాయి. అక్కడి గని కార్మికుడి మునిమనవడు ఇంట్లో కూర్చుని ముత్తాత పేరు చూసుకోవచ్చు. వాళ్లకీ నష్టాలున్నాయనుకోండి, 1931 కాగితాలు 1942లో అగ్నికి ఆహుతయ్యాయి. కానీ కాలిపోవడం వేరు, అసలు దాచకపోవడం వేరు.

అయినా ఆ లావుపాటి సెన్సస్ రిపోర్టులు చదవడం వృథా కాలేదు. మన వాళ్లని ఏ శీర్షిక కింద వెతకాలో అవే నేర్పాయి. 1911లో మా తాత లాంటి మనిషి కులం పట్టికలో మాల అనో మాదిగ అనో ఉంటాడు. చర్చిలో చేరి ఉంటే మతం పట్టికలో క్రైస్తవుల్లో ఉంటాడు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ గారి అధ్యక్షతన సభ జరిగాక ఆది ఆంధ్ర అనే పేరు జనంలోకి వచ్చింది. 1922లో మద్రాసు ప్రభుత్వం దాన్ని ఒప్పుకుంది. దాంతో 1931 లెక్కల్లో చాలామంది ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు. మనిషి ఒక్కడే, గుడిసె ఒక్కటే, ఇరవై ఏళ్లలో మూడు గళ్లు మారాడు. కులాలన్నిటినీ లెక్కించి పట్టికలు అచ్చువేసిన పాత లెక్కల్లో అదే ఆఖరుది. మళ్లీ 2027 లెక్కల్లో అందరి కులం రాయాలని 2025లో కేంద్రం నిర్ణయించింది.

తర్వాత సైనిక రికార్డుల మీద పడ్డాం. యుద్ధంలో చనిపోయిన వాళ్ల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల జాబితాలో ఇంటర్నెట్టులో వెతకొచ్చు. మూడు రాత్రులు కూర్చుని వెతికాం. నాలుగో రోజు మాలో మాస్టారుగా ఉన్నవాడు తల పట్టుకుని, "ఒరే, అది చచ్చిపోయినవాళ్ల జాబితారా. ఆయన తిరిగొచ్చాడు కదా" అన్నాడు. నిజమే. బతికి ఇంటికి వచ్చినవాడు అందులో ఉండడు.

ఆ జాబితా దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. బస్రా స్మారకం అని ఒకటి ఉంది. 40,000 మందికి పైగా, సమాధి తెలియని వాళ్ల కోసం కట్టింది. అందులో బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం రెజిమెంటు పేరు, దాని కింద ఇంతమంది అని ఒక అంకె! ఇలాంటి తేడాల మీద ఆ కమిషనే 2021లో ఒక నివేదిక వేసి క్షమాపణ చెప్పింది. భారత, ఆఫ్రికా, ఈజిప్టు తదితర దేశాల వాళ్లలో కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తింపు దక్కలేదని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చని అందులో ఉంది. చనిపోయినవాళ్ల పరిస్థితే ఇది. తిరిగొచ్చిన కూలివాడి సంగతి చెప్పేదేముంది?

కూలివాడు అన్నాం కదా, అక్కడికే వస్తున్నాం.

ఆ నల్ల బిళ్ళని మా వాడి మేనత్త చింతపండుతో తోమింది. ఆమెకు ఎనభై దగ్గర పడుతున్నాయి, చేతులు ఊరుకోవు. వెండి తెల్లగా తేలుతుందని మేం చూస్తుంటే అది రాగి చెంబులాగా ఎర్రగా తేలింది. ఒక వైపు అయిదో జార్జి తల. రెండో వైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, 1914, 1918 అనే అంకెలు. పొరుగూళ్లో రిటైరైన సుబేదారు గారికి చూపించాం. ఆయన చేతిలో తిప్పి, "ఇది బ్రిటిష్ వార్ మెడల్ బాబూ. సిపాయిలకి వెండిది ఇచ్చారు. ఇది కంచుది" అన్నారు. ఎవరికిచ్చారండీ అంటే కాసేపు మాట్లాడలేదు. "లేబర్ వాళ్లకి" అన్నారు.

తర్వాత మేం చదివి తెలుసుకున్నదీ అదే. ఆ పతకం వెండిలో లక్షల కొద్దీ తయారైంది. కంచుతో చేసినవి ఒక లక్షా పదివేల దాకా మాత్రమే. చైనా, మాల్టా, దక్షిణాఫ్రికా, భారత దేశాల కూలి దళాలకు, సైన్యం వెంట వెళ్లిన పనివాళ్లకు ఎక్కువగా అవే ఇచ్చారు. పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం ఇంగ్లీషులో చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చూశాం. నంబరులో నాలుగంకెలు, పేరులో చివరి నాలుగక్షరాలు, ఆ తర్వాత "లేబర్" అన్న మాట. మిగతాది అరిగిపోయింది. కొంత వందేళ్లలో అరిగింది, కొంత ఆ రోజు చింతపండుకి అరిగింది. తమ్ముళ్లూ, మీ ఇళ్లలో ఇలాంటిది ఏదైనా ఉంటే దయచేసి తోమకండి. ముందు అంచు చదవండి, ఫోటో తీయండి.

మద్రాసు రాష్ట్రపు పల్లె నుంచి ఆయన సిపాయిగా ఎందుకు వెళ్లలేదు? వెళ్లనివ్వలేదు. కంపెనీ కాలంలో తెలుగువాళ్లు మద్రాసు సైన్యంలో బాగానే ఉండేవాళ్లు, మన వాళ్లూ ఉండేవాళ్లు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొరకి దక్షిణాది సిపాయిల మీద నమ్మకం లేదు. యుద్ధానికి పనికొచ్చే జాతులు వేరే ఉన్నాయనే సిద్ధాంతం అప్పుడు బలపడి, భర్తీ ఉత్తరాదికి మళ్లింది. బొంబాయి వైపు మహర్లకూ అదే గతి పట్టింది. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి తండ్రి సైన్యంలో సుబేదారు. బాబాసాహెబ్ 1891లో మౌ కంటోన్మెంటులోనే పుట్టారు. ఆ తర్వాత కొద్ది కాలానికే మహర్లకు ఆ తలుపు మూశారు.

1916 ఏప్రిల్లో ఇరాక్‌లోని కూట్ దగ్గర బ్రిటిష్ సైన్యం తురకలకు లొంగిపోయింది. మళ్లీ ముందుకు వెళ్లాలంటే బస్రాలో రేవు పెంచాలి, రైలు పట్టాలు వేయాలి, రోడ్లు, వరద కట్టలు పొయ్యాలి. అప్పుడు కావలసి వచ్చింది తుపాకీ పట్టే చెయ్యి కాదు, పార పట్టే చెయ్యి. మన దేశం నుంచి లేబర్ కోర్లు, పోర్టర్ కోర్లు ఓడలెక్కాయి. కులం చూసి సైన్యంలోకి రానివ్వనివాళ్లు మట్టి పనికి మాత్రం కులం అడగలేదు.

ఈ మాట మా వాడి నాన్నగారితో చెప్పడం మాకు చాలా కష్టమైంది. బాబాయి గారు రిటైరైన హెడ్ మాస్టారు. తాత సిపాయి అని జీవితమంతా చెప్పుకున్న మనిషి. విని లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. కాసేపటికి వచ్చి, "మనం కూలోళ్లం అని చెప్పడానికి ఇరాక్ దాకా వెళ్లాలంట్రా?" అన్నారు. మాకు నోట మాట రాలేదు.

మేనత్త మాత్రం బియ్యం ఏరుకుంటూ, "తుపాకీ పట్టానని తాత ఎప్పుడన్నాడ్రా? ఆ మాట నీ బాబు పుట్టించింది. ఈయన మట్టి మోశాననే చెప్పేవోడు. ఆడ మట్టి ఉప్పగా ఉంటదంట, కాళ్లు పగిలి రక్తాలు కారేయంట. నేను పిల్లదాన్ని, కాళ్లు చూపించేవోడు" అంది. ఆమెకు పదిహేనేళ్లు వచ్చేదాకా ఆ ముసలాయన బతికే ఉన్నాడు. ఏడాది పాటు మేం ఎక్కడెక్కడో వెతికాం, ఈమెను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మిగతా ఆధారం చర్చిలో దొరికింది. గుంటూరు ప్రాంతానికి లూథరన్ మిషన్ 1842లో హేయర్ దొరతో వచ్చింది. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు కాబట్టి రిజిస్టరులో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ ఉంటాయి. ఒంగోలు వైపు బాప్టిస్టులు పెద్దవాళ్లకే ఇస్తారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ వైపు వాళ్లు సంఘంలో చేరిన పెద్దల పేర్ల కోసం చూడాలి. మా వాళ్ల రిజిస్టరులో 1914లో ఒక ఆడపిల్ల ఉంది. తర్వాత ఏడేళ్లు ఆ ఇంటి బిడ్డ లేదు. 1921లో ఒక మగబిడ్డ, వాడే బాబాయి గారి తండ్రి. ఆ పిల్లవాడి తండ్రి పేరు పక్కన పాస్టరు గారు సన్నగా "బస్రా నుండి వచ్చినవాడు" అని రాసుకున్నారు. ఏ ప్రభుత్వ కాగితంలోనూ దొరకనిది ఈ నాలుగు మాటల్లో దొరికింది.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఉదాహరణకి పోలయ్య అనే పేరు ఇంగ్లీషు గుమాస్తా చేతిలో నాలుగు రకాలుగా మారుతుంది. చర్చిలో వేరే పేరు పెడతారు. కరణం గారి పుస్తకంలో పోలిగాడు అని ఉంటుంది. మూడింటినీ ఒకే మనిషిగా కలిపేది తండ్రి పేరు, ఊరి పేరు, ఇంటి పేరు. ముందు ఆ మూడూ పెద్దవాళ్లని అడిగి రాసుకోండి.

పంజాబు వాళ్లు మనకంటే అదృష్టవంతులు. యుద్ధం కాగానే అక్కడ ఊరి వారీగా పేర్లతో రిజిస్టర్లు రాశారు. అవి లాహోర్ మ్యూజియంలో ఉండిపోయి, దాదాపు 3,20,000 మంది వివరాలతో 2021లో బయటకొచ్చాయి. నాటాలు, ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన మన తెలుగు కూలీలకు కూడా పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులతో సహా కాగితాలున్నాయి. దొరకి ఒప్పందం ప్రకారం మనిషి కావాలి కాబట్టి పుట్టుమచ్చ కూడా రాసుకున్నాడు.

మరో కాగితం గురించి చెప్పి ముగిస్తాం. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమీషనర్ అనే ఆఫీసు పెట్టి అణగారిన కులాల చదువు, బావులు, ఇళ్ల స్థలాల పని అప్పగించింది. వాళ్లు పెట్టినవే లేబర్ స్కూళ్లు. అదే 1949లో హరిజన సంక్షేమ శాఖ అయింది, ఆ తర్వాత మన సాంఘిక సంక్షేమ శాఖ అయింది. బస్రా తాత కొడుకు అలాంటి లేబర్ స్కూల్లోనే చదివాడు. ఆ బడి పాత అడ్మిషన్ పుస్తకంలో తండ్రి వృత్తి దగ్గర "కూలి" అని ఉంది. బాబాయి గారు ఆ పేజీని చాలాసేపు చూశారు. వ్యాసం రాసుకోండి, పేర్లు మాత్రం వద్దు అని అప్పుడు ఒప్పుకున్నారు.

అది చూశాక మన హాస్టల్ పుస్తకాలు గుర్తొచ్చాయి. వార్డెన్ గారిని అడిగితే స్టోరు రూము తీయించారు. బియ్యం బస్తాల వెనక ఉన్నాయి. మొదటి పుస్తకాన్ని చెద తినేసింది. రెండోదాని నుంచి అన్నీ ఉన్నాయి, ఇప్పుడు ఆఫీసు బీరువాలోకి మార్చారు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ, చాలా చోట్ల వేలిముద్ర. వార్షికోత్సవం రోజు సాయంత్రం వాటిని డైనింగ్ హాల్లో బల్ల మీద పెడతాం. ఫోటోలు తీసుకోవచ్చు. పేజీలు తిప్పేటప్పుడు వేలు తడి చేసుకోవద్దు.