పనికిరాదని పారేసిన ఆటపెట్టెకు లక్షల్లో వెల

న్యూయార్కు నగర మేయరు ఆదేశంపై పోలీసులు సుత్తులతో పగులగొట్టిన యంత్రాలకు నేడు అదే దేశంలో నిపుణులు నెలల తరబడి చికిత్స చేస్తున్నారు. పిన్‌బాల్ అనే ఆటపెట్టె కథ ఇది. హోటళ్లలో, మద్యశాలల్లో, బస్సు స్టేషన్లలో నాణెం వేసి ఆడుకొనే ఈ యంత్రం పాతబడితే ఒకప్పుడు దాని చోటు చెత్తకుప్పే. అటువంటి యంత్రాన్ని చివరి మరమేకు వరకు విడదీసి, ఫ్యాక్టరీ గడప దాటిన నాటి రూపానికి, కొన్ని సందర్భాల్లో అంతకు మించిన రూపానికి తీసుకురావడం ఇప్పుడు అమెరికాలో ఒక ప్రత్యేక వృత్తిగా నిలదొక్కుకొంది. పేరున్న నమూనా ఒకటి ఈ విధంగా పునరుద్ధరణ పొందితే దాని ధర 10,000 డాలర్లు, అంటే మన లెక్కలో 8 లక్షల రూపాయలు దాటడం సాధారణం.

పిన్‌బాల్ పేరు వినని మన పాఠకులకు సైతం దాని పూర్వరూపం పరిచయమే. వేసవి సెలవుల్లో పిల్లలు ఆడుకొనే బాగటెల్ బోర్డును గుర్తు తెచ్చుకుంటే చాలు. ఏటవాలు చెక్క, దానిపై మేకుల వరుసలు, అంకెలు వేసిన అరలు, కుడివైపున స్ప్రింగు కడ్డీ. ఈ స్ప్రింగు కడ్డీని చేర్చి 1871లో అమెరికాలో పేటెంటు పొందిన వ్యక్తి మాంటెగ్యూ రెడ్‌గ్రేవ్. ఇంగ్లండు నుంచి వచ్చి ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో స్థిరపడిన వ్యాపారి ఆయన. అరవై ఏళ్ల తరువాత ఆర్థిక మాంద్యం అమెరికాను కుంగదీసిన రోజుల్లో, 1931లో, చికాగోలో డేవిడ్ గాట్లీబ్ ‘బాఫిల్ బాల్’ పేరిట ఒక యంత్రాన్ని మార్కెట్లోకి దించారు. జేబులో చిల్లర నాణేలు తప్ప మరేమీ లేని జనానికి అది చవకైన వినోదమైంది. మరుసటి ఏడాది రేమండ్ మొలోనీ తెచ్చిన ‘బాలీహూ’ యంత్రం పేరు మీదనే బాలీ కంపెనీ ఏర్పడింది. యంత్రాన్ని ఊపి బంతిని దారి మళ్లించే ఆటగాళ్లను కట్టడి చేయడానికి హారీ విలియమ్స్ ‘టిల్ట్’ అనే ఏర్పాటును కనిపెట్టారు. గాట్లీబ్, బాలీ, విలియమ్స్ - ఈ మూడు పేర్లూ చికాగోవే. ఆ నగరం ఈ పరిశ్రమకు రాజధాని.

జూదమా, నైపుణ్యమా?

తొలి యంత్రాల్లో బంతిని వదిలిన తరువాత ఆటగాడు చేయగలిగింది దాదాపు శూన్యం. అందుచేత 1942 జనవరిలో న్యూయార్కు మేయరు ఫియొరెల్లో లా గార్డియా పిన్‌బాల్‌ను జూదంగా పరిగణించి నిషేధించారు. పిల్లల చేతి డబ్బులు నేరస్థుల ముఠాల పాలవుతున్నాయన్నది ఆయన ఆరోపణ. వేలాది యంత్రాలను స్వాధీనం చేసుకొని ధ్వంసం చేశారు. పరిశ్రమకు పుట్టినిల్లయిన చికాగోలో సైతం 1970ల మధ్య వరకు ఈ ఆటపై ఆంక్షలు కొనసాగడం విచిత్రం.

నిషేధం నడుస్తుండగానే ఆట స్వభావం మారిపోయింది. 1947లో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ యంత్రంలో తొలిసారి విద్యుత్తుతో పనిచేసే ఫ్లిప్పర్లను అమర్చింది. పక్కనున్న మీట నొక్కగానే లేచి బంతిని కొట్టే చిన్న రెక్కలివి. బంతి పడిపోకుండా కాపాడడం, కోరిన చోటికి కొట్టడం ఆటగాడి చేతికి వచ్చింది. అయినప్పటికీ చట్టం మారడానికి మరో 29 ఏళ్లు పట్టింది. 1976లో న్యూయార్కు నగర మండలి సభ్యుల ఎదుట రోజర్ షార్ప్ అనే యువ పత్రికా రచయిత ఈ యంత్రంపై ఆడి చూపించారు. బంతి ఏ దారిన దిగుతుందో ముందే చెప్పి, చెప్పినట్టే దింపారు. ఆ ఏడాదే నిషేధం తొలగిపోయింది.

ఈ వివాదం మనకు కొత్త కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో సరిగా ఇదే ప్రశ్నను విచారించింది. పేక ముక్కలు పడడంలో అదృష్టం ఉన్నా, వాటిని గుర్తుంచుకొని పేర్చడంలో నైపుణ్యానిదే పైచేయి అని నిర్ణయించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాదిగా ఉన్న ఆ తీర్పును దేశంలోని కోర్టులు దశాబ్దాల పాటు ఉదహరిస్తూ వచ్చాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం మాత్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో ఈ తేడాను పక్కనబెట్టి అన్నింటినీ నిషేధించింది.

బల్ల మీద గాయాలు

పునరుద్ధరణ నిపుణుడి పనిలో అత్యధిక భాగం ఆట జరిగే బల్లపైనే సాగుతుంది. మేపుల్ కలపతో చేసిన ప్లైవుడ్ పలక అది. దానిపై రంగురంగుల బొమ్మలను స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలో అచ్చువేస్తారు. సుమారు 27 మిల్లీమీటర్ల వ్యాసం, 80 గ్రాముల బరువు గల ఉక్కు బంతి ఏళ్ల తరబడి ఆ బొమ్మలపై దొర్లుతుంది. బంతి ఎక్కువగా తిరిగే చోట మొదట పైపూత పోతుంది, తరువాత రంగు పోతుంది, ఆఖరున చెక్క బయటపడుతుంది. కింది నుంచి దీపం వెలిగినప్పుడు కనిపించడానికి బల్లలో పొదిగిన ప్లాస్టిక్ బిళ్లలు వేడికి కుంగిపోతాయి, లేదా పైకి లేస్తాయి. వాటి అంచున బంతి తడబడుతుంది.

దీనికి చికిత్స ఓపికతో కూడిన వ్యవహారం. ముందుగా బల్లపై ఉన్న ప్రతి భాగాన్నీ ఫోటోలు తీసుకొంటూ విప్పుతారు. ఆ ఫోటోలు లేకపోతే తిరిగి బిగించడం అసాధ్యమంటే అతిశయోక్తి కాదు. కొన్ని బల్లలపై రక్షణ కోసం కంపెనీవారే అంటించిన పలుచని మైలార్ పొర ఉంటుంది. దానిని చల్లబరచిగాని, వేడిచేసిగాని అంగుళం అంగుళంగా లేపాలి. తొందరపడితే పొరతోపాటు రంగు కూడా ఊడివస్తుంది. వెనుక మిగిలే జిగురును వదిలించడానికి చాలామంది వాడేది ఆల్కహాలు, మామూలు గోధుమ పిండి! పిండి చల్లి చేత్తో రుద్దితే జిగురు ఉండలు కట్టి వచ్చేస్తుంది. లక్షల రూపాయల పనిలో వంటింటి పదార్థానికి చోటు దక్కడం చిత్రమే.

అనంతరం ప్లాస్టిక్ బిళ్లలను సమతలం చేసి, పోయిన రంగులను గాలితో చిమ్మే సన్నని బ్రష్షుతో నింపుతారు. అసలు కష్టం రంగు కలపడంలో ఉంది. నలభై ఏళ్ల పొగ, ధూళి, వెలుతురు తగిలిన ఎరుపుతో కొత్త ఎరుపు కలవదు. డబ్బాపై రాసిన పేరును నమ్మి వేస్తే అతుకు దూరం నుంచే కనిపిస్తుంది. పాత రంగు ఈనాడు ఎలా ఉందో దానికి తగినట్లు కలుపుకోవాలి. రంగు పూర్తయ్యాక కార్లకు వాడే రెండు ద్రవాల పారదర్శక పూతను పలుమార్లు వేస్తారు. పూత పూతకు మధ్య నీటి కాగితంతో అరగదీయాలి. ఈ పూతలోని ఐసోసయనేట్ రసాయనాలు ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి తగిన ముసుగు, గాలి వసతి ఉన్న గది తప్పనిసరి. ఇంటి వెనుక షెడ్డులో సరదాగా చేసుకొనేవారికీ, వృత్తి నిపుణులకూ మధ్య గీత ఇక్కడే పడుతుంది. పూత గట్టిపడడానికి వారాలు ఆగాలి. ఆగకుండా బిగిస్తే మరమేకుల చుట్టూ పూత ముడతలు పడుతుంది.

యంత్రం తలభాగంలోని బొమ్మల అద్దం మరింత సున్నితం. రంగులు అద్దం వెనుక వైపున ఉంటాయి. లోపలి దీపాల వేడికి అవి పెళుసుబారి రేకులుగా రాలిపోతాయి. మురికిగా ఉందని తడిగుడ్డతో తుడిస్తే బొమ్మ గుడ్డకే అంటుకుంటుంది. మిగిలిన రంగును పారదర్శకమైన లేపనంతో పట్టి ఉంచడమే అనేక సందర్భాల్లో చేయగలిగింది.

ఇక లోపలి యంత్రాంగం. 1970ల చివరి వరకు వచ్చిన యంత్రాల్లో కంప్యూటరు లేదు. రిలేలు, మెట్లు మెట్లుగా తిరిగే చక్రాలు, ఒక చిన్న మోటారు కలిసి లెక్కలు కట్టేవి. ఎన్నో రాగి, వెండి స్పర్శబిందువులు సరైన దూరంలో ఉంటేనే అంకె మారుతుంది. గుడ్డ చుట్టిన పాత తీగల మధ్య తెగినదాన్ని వెదికి పట్టాలంటే విద్యుత్ పటం చదవడం రావాలి. యంత్రం బిగుసుకుపోయిందని నూనె పోసేవారే దాని ప్రథమ శత్రువులు. నూనె ధూళితో కలిసి బంకగా మారి, అసలు సమస్యకు మరొకటి జోడిస్తుంది. తరువాతి తరపు ఎలక్ట్రానిక్ యంత్రాలకు వేరే జబ్బు ఉంది. స్కోర్లు గుర్తుంచుకోవడానికి బోర్డుపై అమర్చిన బ్యాటరీలు కాలక్రమంలో కారి, రాగి గీతలను తినేస్తాయి. కొన్ని రూపాయల బ్యాటరీని సకాలంలో తీసివేయకపోవడం వల్ల పనికిరాకుండా పోయిన బోర్డులకు లెక్కలేదు.

ఆర్థిక లెక్కలు

ఈ వృత్తి పుట్టుకకు మూలం ఒక పరిశ్రమ పతనం. 1992లో బాలీ పేరిట వెలువడిన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రం 20,270 అమ్ముడై రికార్డు సృష్టించింది. అది జరిగిన ఏడేళ్లకే, 1999 అక్టోబరులో, అప్పటికి బాలీని కూడా తనలో కలుపుకొన్న విలియమ్స్ సంస్థ పిన్‌బాల్ విభాగాన్ని మూసివేసింది. వీడియో ఆటల పోటీకి తట్టుకోలేక అంతకు మూడేళ్ల ముందే గాట్లీబ్ తెరమరుగైంది. విలియమ్స్ దృష్టి మళ్లించింది క్యాసినోల్లోని స్లాట్ యంత్రాల తయారీ వైపు. జూదమన్న నిందను దశాబ్దాలు మోసిన ఆటను వదిలి అసలైన జూద యంత్రాల్లో లాభం వెతుక్కోవడాన్ని విధి విలాసం అనాలి కాబోలు. చికాగో ప్రాంతంలో స్టెర్న్ కంపెనీ ఒక్కటే కొంతకాలం దీపం ఆరకుండా నిలిపింది. గత పదిహేనేళ్లలో కొత్త తయారీదారులు మళ్లీ రంగంలోకి వచ్చారు.

కంపెనీలు మూతపడడంతో విడిభాగాలు ఆగిపోయాయి. బల్లలను, ప్లాస్టిక్ ముక్కలను, పెట్టెపై బొమ్మలను పాత కంపెనీల హక్కుదారుల నుంచి లైసెన్సు పొంది తిరిగి తయారుచేసే చిన్న సంస్థలపైనే నేడు అందరూ ఆధారపడుతున్నారు. 1997లో 4,016 మాత్రమే తయారైన ‘మిడీవల్ మ్యాడ్‌నెస్’ యంత్రానికి గిరాకీ ఎంతగా పెరిగిందంటే, చికాగో గేమింగ్ కంపెనీ దానిని మళ్లీ తయారుచేస్తున్నట్లు 2013లో ప్రకటించింది. పాత యంత్రాలను పెట్టుబడిగా కొని దాచుకొన్నవారు ఆ ప్రకటనకు కలవరపడ్డారు. ఆడుకోవాలనుకొనేవారు సంతోషించారు.

నిపుణుడి రాబడి మాత్రం బయటివారు ఊహించినంత ఉండదు. ఒక యంత్రానికి వందల గంటల శ్రమ అవసరం. అమెరికాలో గంట కూలి లెక్కన చూస్తే సాధారణ నమూనాపై పెట్టే ఖర్చు దాన్ని అమ్మినా తిరిగి రాదు. పేరున్న కొద్ది నమూనాలకే ఈ స్థాయి పని గిట్టుబాటవుతుంది. మిగిలినవాటిని యజమానులు చిన్ననాటి జ్ఞాపకం కోసమో, తండ్రి నడిపిన దుకాణం గుర్తు కోసమో చేయించుకొంటారు. నష్టమని తెలిసి పెట్టే ఖర్చు అది. మన నగరాల్లో టైపు మిషన్లు, గ్రామఫోన్లు బాగుచేసే వృద్ధ మెకానిక్కులది దీనికి విరుద్ధమైన పరిస్థితి. చేతిలో విద్య ఉంది, కూలి తక్కువ, అయితే ఆ విద్యకు లక్షలు చెల్లించే సేకర్తలు అరుదు. ఎవరైనా పాత పిన్‌బాల్ యంత్రాన్ని మనదేశానికి తెప్పించుకోవాలన్నా సులభం కాదు. వాడిన వినియోగ వస్తువుల దిగుమతి మన విదేశ వాణిజ్య విధానంలో నియంత్రిత జాబితాలో ఉంది.

సేకర్తల్లో ఒక వాదం ఇంకా తేలలేదు. అద్దంలా మెరిసే పూత, క్రోమియం తొడిగిన లోహ భాగాలు, పాత బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు - ఇదంతా పునరుద్ధరణా, లేక అలంకరణా అని పాతకాపులు నిలదీస్తున్నారు. ఫ్యాక్టరీలో ఆ యంత్రం ఎన్నడూ అంతగా మెరవలేదు. పైగా నున్నటి పూతపై బంతి వేగం మారి, ఆట తీరే మారిపోతుందని వారి అభ్యంతరం. ఎల్‌ఈడీలు వేడి పుట్టించవు కనుక అద్దంపై బొమ్మ దక్కుతుందని రెండో పక్షం సమాధానం. వెలుగు విషయంలో పాతవారి మాటలో బలం ఉన్నా, అద్దం విషయంలో రెండో పక్షమే సరైనదనిపిస్తుంది.

ఈ విద్యకు పాఠశాల లేదు. 1948లో రెండు ఫ్లిప్పర్లను బల్ల అడుగున అమర్చే పద్ధతికి రూపమిచ్చిన స్టీవ్ కోర్డెక్ నూరేళ్లు జీవించి 2012లో కన్నుమూశారు. ఫ్యాక్టరీల్లో తీగలు కట్టిన, రంగులు అచ్చువేసిన తరం కూడా తరిగిపోతోంది. వారు కాగితంపై పెట్టని సంగతులను ఇప్పటివారు పాడైన యంత్రాలను విప్పి తెలుసుకొంటున్నారు. అంతగా పేరులేని యంత్రం బల్ల అరిగిపోతే కొత్తది దొరకాలన్నా, తయారీదారులకు సరిపడినన్ని ముందస్తు ఆర్డర్లు పోగవ్వాలి. పోగవ్వకపోతే ఆ బల్లను అచ్చువేయరు.