పునర్వ్యవస్థీకరణ కాలంలో వయసు పైబడిన ఉద్యోగి: హోదా తగ్గింపు, ఉద్యోగ అభద్రత

పరిచయం

సంస్థల పునర్వ్యవస్థీకరణ అంటే ఏమిటో, విలీనాలు, శాఖల కుదింపు, యాంత్రీకరణ వంటి కారణాల వల్ల అది ఎలా జరుగుతుందో గత భాగంలో తెలుసుకున్నారు. అక్కడ విషయాన్ని యాజమాన్యం వైపు నుంచి చూశాం. ఈ భాగంలో అదే విషయాన్ని, ఆ సంస్థలో ఇరవై పాతికేళ్ళు పనిచేసిన ఉద్యోగి వైపు నుంచి చూద్దాం. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ చదువుతున్నారు. ఇందులోని లెక్కలను మీ జీతం చీటీ పక్కన పెట్టుకుని చదివితే మరింత బాగా అర్థమవుతాయి.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. హైదరాబాదులోని బాలానగర్ పారిశ్రామికవాడలో యంత్రాల విడిభాగాలు తయారుచేసే కర్మాగారం ఒకటి ఉంది. ఒకాయన తన 28వ ఏట అక్కడ ఫిట్టరుగా చేరి, 24 ఏళ్ళలో షిఫ్టు సూపర్‌వైజరు స్థాయికి ఎదిగాడు. ఇప్పుడు ఆయన వయసు 52. ఇంతలో కర్మాగారాన్ని మరో కంపెనీ కొన్నది. మూడు నెలల తర్వాత ఆయన చేతికి ఒక లేఖ వచ్చింది. అందులో తొలగింపు అన్న మాట ఎక్కడా లేదు. షిఫ్టు బాధ్యతను మరొకరికి అప్పగించామని, ఇకపై ఆయన హోదా 'సీనియర్ అసోసియేట్' అని, సోమవారం నుంచి స్టోర్స్ విభాగంలో హాజరు కావాలని మాత్రమే ఉంది. ఆ మరొకరు, ఎనిమిదేళ్ళ కిందట ఆయన దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు. "జీతం తగ్గించడం లేదు కదండీ, మీకు బరువు తగ్గిస్తున్నాం" అన్నాడు హెచ్.ఆర్. అధికారి. ఆరు నెలలు గడిచాక జీతాన్ని కూడా 'కొత్త గ్రేడుకు అనుగుణంగా' సవరించారు.

ఈయన ఉద్యోగం పోలేదు. మరి పోయిందేమిటి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని ముందుకు వెళ్ళండి.

హోదా తగ్గింపు ఏ రూపాల్లో వస్తుంది?

శిక్షగా హోదా తగ్గించడం వేరు, పునర్వ్యవస్థీకరణలో తగ్గించడం వేరు. మొదటిదానికి ఆరోపణ, విచారణ, సంజాయిషీ ఉంటాయి. ప్రభుత్వోద్యోగికైతే రాజ్యాంగంలోని 311వ అధికరణం, విచారణ జరిపి తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా హోదా తగ్గించరాదని చెబుతుంది. ఆ అధికరణం ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులకు గాని, ప్రైవేటు ఉద్యోగులకు గాని వర్తించదు.

రెండో రకం హోదా తగ్గింపులో ఉద్యోగిపై ఆరోపణ ఏదీ ఉండదు. పదవి పేరు మారుతుంది, కింద పనిచేసేవాళ్ళు ఉండరు, సమావేశాలకు పిలుపు రాదు, దూరప్రాంతానికి బదిలీ వస్తుంది. మొదట్లో జీతం అలాగే ఉండవచ్చు. జపాన్‌లో ఇలా పనిలేకుండా కూర్చోబెట్టిన పెద్ద వయసు ఉద్యోగులకు 'కిటికీ పక్క జనం' అన్న అర్థం వచ్చే పేరే ఉంది. మన భాషలో దీన్ని పొమ్మనలేక పొగబెట్టడం అంటాం. సామెతే అయినా ఇక్కడ పారిభాషిక పదమంత కచ్చితంగా సరిపోతుంది. ఎందుకంటే 'పొమ్మంటే' యజమానిపై పడే చట్టపరమైన బాధ్యతలు, ఉద్యోగి తనంతట తాను లేచి వెళితే పడవు.

పెద్ద వయసువారే ఎందుకు?

పాతవాళ్ళు కొత్త పని నేర్చుకోలేరన్నది తరచుగా వినిపించే సమాధానం. కొందరి విషయంలో నిజం కావచ్చు. కానీ ఆర్థికశాస్త్రం చెప్పే కారణం ఇంతకన్నా లోతైనది.

అమెరికన్ ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లేజియర్ 1979లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. దీర్ఘకాలం ఒకే సంస్థలో పనిచేసే ఉద్యోగి, వయసులో ఉన్నప్పుడు తాను చేసే పని విలువకన్నా తక్కువ జీతం తీసుకుంటాడు. సర్వీసు చివరి సంవత్సరాల్లో పని విలువకన్నా ఎక్కువ జీతం అందుకుంటాడు. మొత్తం సర్వీసును కలిపి చూస్తే లెక్క సరిపోతుంది. అంటే తొలి ఏళ్ళలో తక్కువగా తీసుకున్న భాగం సంస్థ దగ్గర దాచుకున్న సొమ్ము వంటిది. ఉద్యోగి నమ్మకంగా పనిచేయడానికి, సంస్థను వదలకుండా ఉండటానికి ఈ ఏర్పాటు తోడ్పడుతుంది. అయితే ఇది ఏ కాగితం మీదా ఉండదు, కేవలం ఒక అవగాహన.

ఇప్పుడు బాలానగర్ ఉదాహరణకు రండి. సంస్థ చేతులు మారింది. ఆ అవగాహన పాత యజమానితో కుదిరినది, కొత్త యజమాని ఆ మాట ఇవ్వలేదు. ఆయన కంటికి 52 ఏళ్ళ సూపర్‌వైజరు ఈ ఏడాది పనికన్నా ఎక్కువ జీతం తీసుకుంటున్న మనిషిగా మాత్రమే కనిపిస్తాడు. ఇరవై ఏళ్ళ కిందటి బాకీ ఏ ఖాతా పుస్తకంలోనూ లేదు. ఆండ్రీ ష్లైఫర్, లారెన్స్ సమ్మర్స్ అనే ఆర్థికవేత్తలు 1988లో ఈ విషయాన్నే చర్చించారు. కంపెనీల స్వాధీనంలో కనిపించే లాభంలో కొంత భాగం నిజంగా సామర్థ్యం పెరగడం వల్ల వచ్చింది కాదని, ఉద్యోగులతో ఉన్న ఇలాంటి అలిఖిత ఒప్పందాలను ఉల్లంఘించడం వల్ల వచ్చిందని వాదించారు. ఈ వాదాన్ని అన్ని సందర్భాలకూ అన్వయించలేం. దివాలా అంచున ఉన్న సంస్థకు పాత ఒప్పందాన్ని నిలబెట్టే స్తోమతే ఉండకపోవచ్చు.

దీనికి మరో విషయాన్ని కలపండి. గ్యారీ బెకర్ చెప్పిన 'సంస్థకే పరిమితమైన నైపుణ్యం' గురించి మానవ వనరుల పాఠంలో చదివారు. ఏ యంత్రం ఏ శబ్దం చేస్తే ఏ బేరింగు పోయిందో మన సూపర్‌వైజరుకు తెలుసు. ఆ జ్ఞానానికి గేటు బయట ధర లేదు. కాబట్టి బయటికి వెళ్ళి అదే జీతం సంపాదించడం కష్టం. కష్టమని ఇద్దరికీ తెలుసు. బేరంలో ఆయన బలహీనపడేది ఇక్కడే.

ఐటీ రంగం కూడా ఇందుకు మినహాయింపు కాదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా, తగ్గించనున్నట్లు ప్రకటించినప్పుడు ఆ ప్రభావం ప్రధానంగా మధ్యస్థాయి, పైస్థాయి ఉద్యోగులపై ఉంటుందని తానే చెప్పింది.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని ముఖ్యమైన సూత్రాలు చాలావరకు పారిశ్రామిక సంబంధాల స్మృతి, 2020లోకి వచ్చాయి. ఈ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులో ఉంది. శిక్షగా కాకుండా ఇతర కారణాలతో కార్మికుని ఉద్యోగం నుంచి తొలగించడాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. అలా తొలగించాలంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, పూర్తయిన ఒక్కో సంవత్సర సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం చెల్లించాలి. 300 లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కర్మాగారాల్లోనైతే ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. పాత చట్టంలో ఈ సంఖ్య 100 మాత్రమే.

వీటిలో పెద్ద వయసువారికి అన్నిటికన్నా ముఖ్యమైనది 'చివర చేరినవారు ముందు వెళ్ళాలి' అన్న సూత్రం. ఒక కేటగిరీలో కొందరిని తొలగించవలసి వస్తే మామూలుగా చివర చేరినవారితో మొదలుపెట్టాలి. అలా చేయకపోతే కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. అంటే చట్టం సర్వీసు ఎక్కువ ఉన్నవారి పక్షాన నిలబడింది. అలాగే గ్రేడు వర్గీకరణ, వేతనం వంటి సర్వీసు షరతులను కార్మికునికి నష్టం కలిగేలా మార్చాలంటే 21 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి.

మరి మన సూపర్‌వైజరుకు ఈ రక్షణలు ఉన్నాయా? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఇవి 'కార్మికుడు' అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. మేనేజరు పని, పరిపాలనా పని చేసేవారు ఆ నిర్వచనంలోకి రారు. సూపర్‌వైజరు పని చేస్తూ నెలకు 18,000 రూపాయలకు మించి వేతనం పొందేవారు కూడా రారు. ఫిట్టరుగా ఉన్న రోజుల్లో ఆయనకు ఈ రక్షణ ఉండేది. పదోన్నతితో జీతం పెరిగింది, రక్షణ పోయింది. పదోన్నతి వచ్చిన రోజున మిఠాయి పంచుతాం గాని, ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అయితే పదవి పేరు ఒక్కటే దీన్ని తేల్చదు. ఉద్యోగి ప్రధానంగా చేస్తున్న పని ఏమిటన్నదే చూడాలని ఎస్.కె. మైనీ కేసులో (1994) సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ తీర్పు దృష్టితో చూస్తే మన ఉదాహరణలో ఒక వింత ఉంది. స్టోర్స్‌లో ఆయన చేసేది సరుకు లెక్క రాయడం, అందించడం అయితే, అది గుమాస్తా పని, చేతిపని. అలాంటి పని చేసేవారికి వేతన పరిమితి లేదు. అంటే హోదా తగ్గించడంతో ఆయన తిరిగి 'కార్మికుడు' అయ్యాడని వాదించే అవకాశం ఏర్పడింది! కానీ సీనియారిటీ సూత్రం కేటగిరీలవారీగా వర్తిస్తుంది కనుక, ఆయన 24 ఏళ్ళ సర్వీసు స్టోర్స్ జాబితాలో లెక్కకు వస్తుందా రాదా అన్నది మరో వివాదం. బదిలీ ఉత్తర్వు, రోజువారీ పని కేటాయింపు కాగితాలు దాచుకోవాలని కార్మిక సంఘాలవారు పదేపదే చెప్పేది ఇందుకే.

ఇక వయసు సంగతి. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసును బట్టి వివక్ష చూపడాన్ని ప్రత్యేకంగా నిషేధించే కేంద్ర చట్టం మనకు లేదు. అమెరికాలో 40 ఏళ్ళు, ఆపై వయసువారికి 1967 నుంచి అలాంటి చట్టం ఉంది. 1990లో దానికి చేసిన సవరణ మరింత ఆసక్తికరమైనది. సామూహిక తొలగింపులో పరిహారం ఇచ్చి, దావా వేయబోమని సంతకం చేయించుకోవాలంటే ఆలోచించుకోవడానికి 45 రోజులు ఇవ్వాలి. సంతకం చేశాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఎంపికైనవారి, కానివారి హోదాలు, వయసులు కూడా తెలియజేయాలి. అక్కడి కంపెనీల్లో నడివయసుకు వచ్చిన మన తెలుగువారికి ఈ 45 రోజుల సంగతి తెలిసి ఉండటం అవసరం.

'స్వచ్ఛంద' పదవీ విరమణ

రిట్రెంచ్‌మెంట్ నిర్వచనంలోకి స్వచ్ఛంద పదవీ విరమణ రాదు. అందువల్ల సీనియారిటీ సూత్రం దానికి వర్తించదు. నిజానికి ఈ పథకాలు ఆ సూత్రాన్ని తలకిందులు చేస్తాయి, ముందు వచ్చినవారే ముందు వెళతారు.

బీఎస్ఎన్ఎల్ ఇందుకు మంచి ఉదాహరణ. 2018-19లో ఆ సంస్థ ఆదాయంలో సుమారు 75 శాతం సిబ్బంది జీతభత్యాలకే పోయేది. 2019 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం పునరుద్ధరణ ప్రణాళికను ఆమోదించింది. నవంబరు 4 నుంచి డిసెంబరు 3 వరకు, 50 ఏళ్ళు నిండినవారికి స్వచ్ఛంద పదవీ విరమణ అవకాశం ఇచ్చారు. చేసిన ఒక్కో సంవత్సరానికి 35 రోజుల జీతం, మిగిలి ఉన్న ఒక్కో సంవత్సరానికి 25 రోజుల జీతం చొప్పున ఎక్స్‌గ్రేషియా లెక్కించారు. దాదాపు లక్షన్నర సిబ్బందిలో 78 వేలమందికి పైగా దరఖాస్తు చేశారు. 2020 జనవరి 31న, ఒకే రోజున, సగం సంస్థ ఖాళీ అయింది.

ఇది స్వచ్ఛందమేనా? ఎవరూ బలవంతపెట్టలేదనడం నిజమే. చాలామందికి ప్రభుత్వ పింఛను కూడా ఉంది, ప్రైవేటు ఉద్యోగికి ఆ ఆసరా ఉండదు. అయితే ఆ ఏడాది ఫిబ్రవరి జీతాలతో మొదలై చెల్లింపులు ఆలస్యమవుతూ వచ్చాయని కూడా గుర్తుంచుకోవాలి. వచ్చే నెల జీతం వస్తుందో రాదో తెలియనివాడు చేసే నిర్ణయాన్ని పూర్తిగా స్వేచ్ఛ అనలేం, పూర్తిగా నిర్బంధమూ అనలేం. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే రెండు వైపులా రాయండి.

2000లో ప్రభుత్వరంగ బ్యాంకులు ఇలాంటి పథకం తెచ్చినప్పుడు దరఖాస్తు చేసి, మనసు మార్చుకున్న ఉద్యోగులు కోర్టుకు వెళ్ళారు. దరఖాస్తు ఉద్యోగి చేసే ప్రతిపాదన మాత్రమేనని, బ్యాంకు ఆమోదించేలోపు ఉపసంహరించుకోవచ్చని స్వర్ణకార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పథకం కింద డబ్బు తీసుకున్నవారికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

పథకం కూడా లేకుండా నేరుగా రాజీనామా రాయించుకోవడం ఇంకా నష్టదాయకం. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని తన చేత్తో రాసి ఇచ్చిన తర్వాత, ఒత్తిడి చేశారని నిరూపించే భారం ఉద్యోగిపైనే పడుతుంది. రిట్రెంచ్‌మెంట్ అయిన కార్మికునికి కొత్త నైపుణ్యాల కోసం 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తం ఇవ్వాలని కొత్త స్మృతి చెబుతోంది. రాజీనామా చేసినవారికి అదీ రాదు.

గ్రాట్యుటీపై ప్రభావం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. గ్రాట్యుటీని 1972 చట్టం ప్రకారం గాని, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ప్రకారం గాని 'చివరగా పొందిన' వేతనంపై లెక్కిస్తారు. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించాలి.

మన సూపర్‌వైజరు వేతనం 52,000 రూపాయలు అనుకుందాం. ఒక సంవత్సరానికి గ్రాట్యుటీ 30,000. 24 ఏళ్ళకు 7,20,000. కొత్త గ్రేడులో వేతనం 39,000కు తగ్గింది. ఇప్పుడు సంవత్సరానికి 22,500, మొత్తం 5,40,000. తగ్గిన జీతంతో ఆయన పనిచేసింది కొద్ది నెలలే. కానీ తగ్గింపు గడిచిన 24 ఏళ్ళకూ వర్తించింది. పోయింది 1,80,000 రూపాయలు. అంగవైకల్యం వల్ల తక్కువ జీతానికి మారిన ఉద్యోగి విషయంలో, వైకల్యానికి ముందు కాలానికి పాత వేతనంతోనే లెక్కించాలని 1972 చట్టం ముందుచూపుతో చెప్పింది. హోదా తగ్గించబడినవారికి అలాంటి నిబంధన పెట్టలేదు.

ఉద్యోగుల పింఛను పథకం కింద పూర్తి పింఛను 58 ఏళ్ళకు మొదలవుతుంది. 50 దాటాక ముందే తీసుకోవచ్చు గాని, ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది, ఆ తగ్గుదల జీవితాంతం ఉంటుంది. 52కు బయటపడినవారికి ఈ ఆరేళ్ళు గడవాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. షిఫ్టు సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు, స్టోర్స్‌కు మారిన తర్వాత, ఈ ఉద్యోగి 'కార్మికుడు' నిర్వచనంలోకి వస్తాడా? రెండు సందర్భాలకూ వేర్వేరుగా కారణాలు రాయండి.

2. 20 ఏళ్ళ సర్వీసు ఉన్న ఒక ఉద్యోగిని వేతనం 45,500 నుంచి 36,400 రూపాయలకు తగ్గించి, నాలుగు నెలల తర్వాత రాజీనామా చేయమన్నారు. గ్రాట్యుటీలో ఆమె ఎంత కోల్పోతుందో లెక్కించండి. వేతనం తగ్గిస్తూ లేఖ అందిన రోజున ఆమె మీ సలహా అడిగితే ఏం చెబుతారో పది వాక్యాల్లో రాయండి.