జన్యువు పేరు తేదీగా మారితే

మన జన్యువుల్లో ఒకదాన్ని సెప్ట్2 అనేవారు. ఎక్సెల్ గడిలో ఆ పేరు కొడితే చాలు, సెప్టెంబరు 2 అయిపోయేది. ఎక్సెల్ లోలోపల తేదీని సంఖ్యగా దాచుకుంటుంది. 2016 సెప్టెంబరు 2 అంటే దానికి 42615. అందుకే ఆ ఫైలును 'ఆర్' వంటి గణాంక సాఫ్ట్‌వేర్‌లోకి తెస్తే, జన్యువు ఉండాల్సిన చోట తేదీయో, అంతుపట్టని అంకెో కనిపిస్తుంది. తప్పు ఆర్‌ది కాదు. గడిని తర్వాత టెక్స్ట్‌గా మార్చినా పేరు తిరిగి రాదు. పైగా మార్చ్1, మార్క్1 అనే రెండు వేర్వేరు జన్యువులూ మార్చి 1గానే మారేవి. ఇక ఏది ఏదో ఎలా తేల్చడం?

ఈ చిక్కు 2004లోనే బయటపడింది. అయినా 2016లో పరిశీలిస్తే, ఎక్సెల్ జన్యు జాబితాలు జోడించిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతులో ఇవే తప్పులు! చివరికి జన్యువుల నామకరణ సంఘమే దిగివచ్చింది. సెప్ట్2 ఇక సెప్టిన్2 అని 2020 నాటి మార్గదర్శకాల్లో ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ కోసం జీవశాస్త్రం పేర్లు మార్చుకోవడం విడ్డూరమే. ఎక్సెల్‌లో ఈ మార్పిడిని ఆపుకునే వీలు 2023లో గానీ రాలేదు.

సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్‌తో తెరవకండి. నేరుగా ఆర్‌లోకి తెచ్చుకోండి. ఎక్సెల్ తప్పనిసరైతే, దిగుమతి చేసేటప్పుడే పేర్ల వరుసను టెక్స్ట్‌గా ఎంచుకోండి. తర్వాత ఆ వరుసను అక్షరక్రమంలో పేర్చి చూడండి. అంకెలతో మొదలయ్యేవి పైకి తేలతాయి.