శ్రమ, స్వేదము, విశ్రాంతి
పరారుణ స్వేదన గృహమును గూర్చి తెలిసికొనవలసిన విషయములు

దేహమునకు శ్రమ యెంత అవసరమో, శ్రమానంతరము విశ్రాంతియు అంత అవసరము. పరుగు పందెములకై సాధన చేయు యువకుడు గాని, ప్రతిదినము ఉదయమున వేగముగా నడచు గృహిణి గాని, వ్యాయామశాలలో బరువులెత్తు ఉద్యోగి గాని ఈ సత్యమును స్వానుభవమున ఎరిగియే యుందురు. అలవాటులేని శ్రమ చేసిన మరునాడు తొడలు, పిక్కలు పట్టుకొనిపోయి మెట్లు దిగుటయే కష్టమగుట సర్వసాధారణము. ఈ నొప్పి 24 గంటలు మొదలు 72 గంటల లోపల హెచ్చుగా నుండి, పిమ్మట తనంతట తానే తగ్గును. కండరములలోని సూక్ష్మతంతువులకు కలిగిన స్వల్పమైన హానిని దేహము సరిదిద్దుకొనుచున్నదనుటకు ఇది గుర్తు.

ఈ నొప్పిని త్వరగా పోగొట్టునని చెప్పబడుచున్న సాధనములలో పరారుణ స్వేదన గృహము ఒకటి. దీనినే ఇన్‌ఫ్రారెడ్ సౌనా యని వ్యవహరించుచున్నారు. మన నగరములలోని కొన్ని వ్యాయామశాలలయందు ఇది కానవచ్చుచున్నది. దీనికి చెల్లింపవలసిన రుసుము తక్కువ కాదు. దీనిని గూర్చిన ప్రకటనలలోని వాగ్దానములును తక్కువ కావు. కావున దీని నిజమైన ప్రయోజనమెంత, ప్రమాదమెక్కడ నున్నది యను సంగతులను ముందుగా విచారించుట మేలు.

ప్రాచీన పద్ధతి, నూతన సాధనము

చెమట పట్టించి దేహమునకు హాయి కలిగించుట మనకు కొత్త కాదు. చరక సంహిత సూత్రస్థానమునందలి 14వ అధ్యాయము స్వేదనమునకే కేటాయింపబడినది. అగ్ని సహాయముతో చేయు స్వేదనములు 13 విధములనియు, అగ్ని లేకుండ కలుగునవి 10 విధములనియు అందు చెప్పబడినది. వ్యాయామము ఆ పదింటిలో నొకటి. గర్భిణులు, మద్యపానపరులు, మధుమేహ రోగులు, ఆకలిదప్పులతో నున్నవారు స్వేదనమునకు అర్హులు కారని కూడ ఆ గ్రంథము హెచ్చరించినది.

ఫిన్లాండు దేశమున సౌనా నిత్యజీవితములో భాగము. సుమారు 55 లక్షల జనాభా గల ఆ దేశమున దాదాపు 30 లక్షల సౌనాలు కలవు. 2020లో యునెస్కో సంస్థ ఆ దేశపు సౌనా సంస్కృతిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. అచట రాళ్లను బాగుగా కాల్చి, వానిపై నీరు చల్లుదురు. గదిలోని గాలి 80 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కును.

పరారుణ గృహము ఇట్టిది కాదు. 1800లో విలియం హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకము ద్వారా ప్రసరింపజేసి, ఎరుపు రంగునకు ఆవల ఏ వెలుగును కానరాని చోట ఉష్ణమాపకమును ఉంచగా అది హెచ్చు వేడిని చూపినది. కంటికి కానరాని ఆ కిరణములే పరారుణ కిరణములు. సూర్యుని నుండియు, మండుచున్న కుంపటి నుండియు మనకు సోకు వేడిమిలో ఇవి యున్నవి. పరారుణ గృహమున విద్యుత్ పలకల నుండి వెలువడు ఈ కిరణములు నేరుగా చర్మమును వేడి చేయును. అందువలన గదిలోని గాలి సామాన్యముగా 45 మొదలు 60 డిగ్రీల వరకే యున్నను చెమట ధారాళముగా పట్టును.

ఈ కిరణములు కండరముల లోతునకు చొచ్చుకొనిపోవునని కొన్ని ప్రకటనలు చెప్పుచున్నవి. ఇట్టి గృహములలో ఎక్కువగా వాడబడు దూర పరారుణ కిరణములు చర్మపు పైపొరలలోనే, ఒక మిల్లీమీటరు లోపలనే, ఇంకిపోవును. అచటి నుండి వేడిని లోనికి గొనిపోవునది రక్తమే. చర్మమునందలి రక్తనాళములు విచ్చుకొనును. గుండె వేగముగా కొట్టుకొనును. అనగా ఊరక కూర్చున్నను గుండెకు పని హెచ్చుచున్నదని గ్రహింపవలెను.

పరిశోధనలు తెలుపునదేమి?

2015లో ఫిన్లాండులోని యువస్కులా విశ్వవిద్యాలయ పరిశోధకులు 10 మంది పురుషులను పరీక్షించిరి. సాధన ముగిసిన పిమ్మట పరారుణ గృహమున 30 నిమిషములు కూర్చున్నవారు, ఊరక కూర్చున్నప్పటి కంటె కొంచెము మెరుగుగా పైకి ఎగురగలిగిరి. తరువాత 16 మంది బాస్కెట్‌బాల్ క్రీడాకారులపై జరిగిన మరియొక పరిశోధనలో 20 నిమిషముల స్వేదనము వలన మరునాటి కండరముల నొప్పి తగ్గినట్లు తేలినది.

ఫలితములు ఆశాజనకములే. కాని పరీక్షింపబడినవారు మిక్కిలి కొలదిమంది. అంతియేగాక, తాము వేడి గదిలో కూర్చుంటిమని వారికి తెలియును. ఆ నమ్మకమే నొప్పిని కొంత తగ్గించియుండవచ్చును. 2,315 మంది పురుషులను సుమారు 20 సంవత్సరములు గమనించి 2015లో ప్రకటించిన వేరొక ఫిన్లాండు పరిశోధనలో, తరచు సౌనాకు పోవువారిలో ఆకస్మిక హృద్రోగ మరణములు తక్కువగా కనబడినవి. అది సంప్రదాయ సౌనాకు సంబంధించినది. పైగా ఆరోగ్యవంతులే అచటికి తరచుగా పోవుచుండవచ్చును గదా! ఆ ఫలితమును పరారుణ గృహమునకు అన్వయించుట తగదు.

చెమటతో విషపదార్థములన్నియు వెడలిపోవుననుట సరి కాదు. ఆ పని ముఖ్యముగా కాలేయము, మూత్రపిండములు చేయును. చెమటలో నుండునది చాలవరకు నీరు, కొంత ఉప్పు. స్వేదనానంతరము ఒక కిలో బరువు తగ్గినచో తగ్గినది కొవ్వు కాదు, సుమారు ఒక లీటరు నీరు.

ప్రమాదము ఎచట?

ఈ భేదమును గుర్తింపకపోవుట ప్రాణాంతకము కావచ్చును. 1997లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు పోటీకి ముందు త్వరగా బరువు తగ్గవలెనని, గాలి చొరని దుస్తులు ధరించి వేడి ప్రదేశమున వ్యాయామము చేసి మరణించిరి. 2010లో ఫిన్లాండులోని హెయినోలా పట్టణమున జరిగిన సౌనా పోటీలో 110 డిగ్రీల వేడిలో ఒక పోటీదారు మరణించెను. పిమ్మట ఆ పోటీలు నిలిపివేయబడినవి. వేడిని ఓర్చుకొనుట పౌరుషమునకు పరీక్ష కాదు.

మన వాతావరణమును కూడ మరువరాదు. 2015 వేసవిలో వడగాడ్పుల వలన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 2,000 మందికి పైగా మరణించిరి. మండుటెండలో పొలము దున్నినవానికిని, మైదానమున ఆడినవానికిని స్వేదన గృహముతో పనిలేదు; వారికి కావలసినవి నీడ, నీరు.

పాటింపవలసిన నియమములు

గర్భిణులు, హృద్రోగులు, రక్తపుపోటు మరీ తక్కువగా నున్నవారు, మూత్రము హెచ్చించు మందులు వాడువారు, స్పర్శజ్ఞానము తగ్గిన మధుమేహ రోగులు వైద్యుని అనుమతి లేక ఇందు ప్రవేశింపరాదు. జ్వరము గలవారును, మద్యము సేవించినవారును ఎట్టి పరిస్థితిలోను ప్రవేశింపరాదు. బెణికి వాచిన చోటికి తొలి రెండు దినములు వేడి తగదు. సంతానమును కోరు పురుషులు కూడ జాగ్రత్త వహింపవలెను. అధికమైన వేడి శుక్రకణముల సంఖ్యను తాత్కాలికముగా తగ్గించును.

ఆరోగ్యవంతులు వ్యాయామము ముగిసిన వెంటనే గాక, గుండె వేగము నెమ్మదించి, నీరు త్రాగిన పిమ్మట ప్రవేశింపవలెను. మొదట 10 నిమిషములు చాలును. అలవాటైన తరువాతను 20 నిమిషములు మించకుండుట మంచిది. ఒంటరిగా నుండరాదు. తలతిరుగుట, వికారము, గుండెదడ తోచినచో తక్షణమే వెలుపలికి రావలెను. ఎవరైనను తికమకగా మాట్లాడినను, స్పృహ తప్పినను నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి విసరుచు, 108కు కబురు చేయవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

ఇన్ని జాగ్రత్తలతో వాడినను ఇది అదనపు సౌకర్యమే గాని విశ్రాంతికి ప్రత్యామ్నాయము కాదు. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర, పప్పు, పాలు, గ్రుడ్లు మున్నగు మాంసకృత్తులు గల భోజనము, మరునాడు తేలికపాటి నడక, శ్రమను క్రమక్రమముగా పెంచుకొనుట — వీనికి ప్రత్యేకమైన గది గాని, యంత్రము గాని అవసరము లేదు. మొదట వీనిని అలవరచుకొనవలెను. అటుపిమ్మట స్తోమతయు, ఆరోగ్యమును అనుకూలించినవారు స్వేదన గృహపు హాయిని మితముగా అనుభవింపవచ్చును.