గాలి మోసే బరువు

ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ని. సంధులు విడదీయడమే తప్ప చక్రాలు విప్పడం నాకు చేతకాదు. అటువంటివాడు టైర్ల మీద వ్యాసం రాయడమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి, కాని కడదాకా చదవండి. తెలియని సంగతిని తెలిసినట్టు మాట్లాడి నేను ఒక నిండు ప్రాణం మీదికి తెచ్చాను. ఆ ప్రాణం మా అక్కయ్య కొడుకుది.

మా బావగారికి నూజివీడు దగ్గర మామిడితోట ఉంది. ఏటా కాయ కోతకు వచ్చేసరికి బండి బాడుగలకే బోలెడు డబ్బు పోతున్నదని, మా మేనల్లుడు 2023 వేసవికి ముందు ఒక పాత పికప్ బండి కొన్నాడు. ముందు ఇద్దరు కూర్చునే చోటూ, వెనక సరుకు వేసుకునే తొట్టీ ఉంటాయే, ఆ బండి. అక్కయ్య గాజులు తాకట్టు పెట్టింది. నేనూ కొంత సర్దాను. డబ్బు ఇచ్చినవాడికి సలహా ఇచ్చే హక్కు కూడా దానితోపాటే వస్తుందనుకోవడం మన ఇళ్లల్లో మామూలే కదా!

నేను రెండు సలహాలు ఇచ్చాను. వెనక టైర్లు అరిగిపోయాయంటే, షాపులో చెప్పిన ధర విని ఉలిక్కిపడి, "అదే కొలతలో కారు టైర్లు చవగ్గా వస్తున్నాయి గదరా, అవి వేయించు" అన్నాను. ఇది మొదటిది. గతుకుల్లో కాయ నలిగి మచ్చ పడుతున్నదంటే, "గాలి కాస్త తగ్గించు, బండి మెత్తగా పోతుంది" అన్నాను. ఇది రెండోది. "మీరు చెబితే సరే మామయ్యా" అన్నాడు వాడు. చదువుకున్న మామయ్య మాట మరి!

మే నెలలో ఒకరోజు తొట్టి నిండా రసాలు వేసుకుని నున్న మార్కెట్టుకు బయలుదేరాం. నేను వాడి పక్కనే కూర్చున్నాను. అప్పటికే ఎండ పెళపెళలాడుతున్నది. ఆగిరిపల్లి దాటిన తరువాత వెనకాల ఫిరంగి పేలినట్టు చప్పుడైంది. బండి ఎడమపక్కకు ఈడ్చుకుపోయింది. వాడు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. బ్రేకు మాత్రం తొక్కలేదు, వేగం దానంతటదే తగ్గనిచ్చాడు. రోడ్డు దిగి, ఒక చింతచెట్టుకు నాలుగు గజాల ఇవతల బండి ఆగింది.

"మామయ్యా, మీకేం కాలేదు గదా?" అన్నది వాడి మొదటి మాట. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నది.

పంచరు షాపు సాయిబుగారు వచ్చి, పగిలిన టైరు ఊడదీసి, లోపల చెయ్యి పెట్టి తీశారు. ఆయన వేళ్లకు నల్లటి రబ్బరు పొడి అంటుకున్నది.

"గాలి చాలక లోపల నలిగిపోయిందండీ. పైగా ఇది కారు టైరు. మేష్టారూ, బరువు మోసేది టైరు కాదండీ, గాలి. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి, అంతే" అన్నారు.

ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నేను ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి పాఠం విన్నాను. ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను. ఆ లెక్క మీరూ చూడండి.

సరుకుతో కలిపి వెనక ఇరుసు మీద 1,800 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. ఒక్కొక్క టైరు వాటా 900 కిలోలు, అంటే సుమారు 1,980 పౌండ్లు. టైరులో చదరపు అంగుళానికి 60 పౌండ్ల గాలి ఉంటే, ఆ బరువు ఆనడానికి 33 చదరపు అంగుళాల చోటు చాలు. రెండున్నర అరచేతులంత! గాలి 40 పౌండ్లకు తగ్గించామా, ఇంచుమించు 50 అంగుళాలు నేలకు ఆనాలి. అంతమేర ఆనాలంటే టైరు పక్కగోడలు బాగా వంగాలి. ఈ బండి చక్రం కిలోమీటరుకు దాదాపు 460 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే నిమిషానికి 460 సార్లు ఆ గోడ వంగి లేస్తుందన్నమాట. ఇనపతీగను అటూ ఇటూ వంచి చూడండి, ముందు వేడెక్కుతుంది, తరువాత తెగుతుంది. టైరుకూ అదే గతి. నేను మెత్తదనమనుకున్నది నిజానికి ఆ నలుగుడే.

ఇక నా మొదటి సలహా సంగతి. టైరు పక్కగోడ మీద 195/80 ఆర్ 15 వంటి అంకెలుంటాయి. 195 అన్నది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అన్నది రిమ్ము అడ్డుకొలత అంగుళాలలో. నేను ఇంతవరకే చూశాను. చూడవలసినది ఆ తరువాత ఉంటుంది. ఎల్.టి. అనే అక్షరాలుంటే అది లైట్ ట్రక్ టైరు. దాని పక్కన 106/104 లాంటి అంకె ఉంటుంది. అది బరువు సూచిక. 106 అంటే పూర్తి గాలితో ఒక్క టైరు 950 కిలోలు మోయగలదని. రెండో అంకె, పక్కపక్కన జంట చక్రాలు వేసినప్పటిది. కారు టైరు మీద 96 ఉంటే అది మోసేది 710 కిలోలే. రెండు కలిపినా 1,420. మా లెక్కలో ఇరుసు మీది బరువు 1,800! కొలత ఒకటైనంత మాత్రాన బలం ఒకటవుతుందా?

మరి గాలి ఎంత పెట్టాలి? టైరు గోడ మీద పోతపోసిన అంకె, ఆ టైరు పట్టగలిగిన గరిష్ఠ హద్దు. అది మనం పెట్టవలసిన కొలత కాదు. మన బండికి ఎంత కావాలో డ్రైవరు తలుపు చట్రం దగ్గర అంటించిన చీటీలో, లేదా బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పికప్ బండ్లకు సాధారణంగా ముందు ఒక అంకె, వెనక ఒక అంకె ఇస్తారు. చాలావాటికి ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, సరుకున్నప్పుడు ఒకటి కూడా ఉంటాయి. సరుకు దించాక కూడా వెనక గాలి నిండుగా ఉంచితే బండి ఎగిరెగిరి పడుతుంది, బ్రేకు వేస్తే జారుతుంది. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే.

గాలి చూసుకోవలసింది పొద్దున్నే, బండి కదలకముందు. నడిచిన బండిని కనీసం మూడు గంటలు ఆపి చూడాలి. వేడికి గాలి పొంగుతుంది. 25 డిగ్రీల వద్ద 60 పౌండ్లున్న గాలి, 45 డిగ్రీలకు చేరేసరికి సుమారు 65 చూపిస్తుంది. ఎక్కువైందని దారిలో తీసేశారా, చల్లారాక తక్కువే మిగులుతుంది. పంచరు లేకపోయినా నెలకు ఒక పౌండు దాకా దానంతటది తగ్గుతుంది కూడా.

టైరు వయసు కూడా గోడమీదే రాసి ఉంటుంది. నాలుగంకెలలో మొదటి రెండూ వారం, తక్కిన రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు ముదిరి పగుళ్లు తీస్తుంది. బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చవలసిందే. ఆ గాడుల అడుగున చిన్న గట్లు ఉంటాయి, అరుగుదల వాటిదాకా వస్తే కాలం చెల్లినట్టే. ఒకే ఇరుసు మీద ఒకవైపు నైలానూ, ఒకవైపు రేడియలూ వేయకూడదు. అంచులు ముందు అరిగితే గాలి తక్కువనీ, నడుమ అరిగితే ఎక్కువనీ టైరే చెబుతుంది.

గాలిటైరుకు 1845లోనే థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నా, అది వాడుకలోకి వచ్చింది 1888లో డన్లప్ చేతిమీదుగా. ఆయన బెల్‌ఫాస్టులో పశువైద్యుడు. కొడుకు తొక్కే మూడు చక్రాల బండి కుదుపులు తగ్గించాలని గాలి నింపాడు. కుదుపు తగ్గాలని ఆయన గాలి పెట్టాడు, నేను తీశాను. తేడా అదే!

కాయ నలగకుండా ఉండాలంటే కింద గడ్డి వేసుకోవాలి, గతుకుల్లో నిదానంగా పోవాలి. గాలి తీయకూడదు. ఇప్పుడు మావాడు అలాగే చేస్తున్నాడు. కొత్త టైర్లు నేనే కొనిచ్చాను. గాలి చూసే గేజీ కూడా ఒకటి ఇచ్చాను. సలహాలు మాత్రం ఇవ్వడం లేదు.

ఆ రోజు ఇంటికి వెళ్లాక వాడు తల్లితో, "పాత టైరమ్మా, పగిలింది" అని ఊరుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. మా అక్కయ్యకు వారం వారం ఈ పత్రిక చదవనిదే తోచదు. సీరియలు కోసం పేజీలు తిప్పుతూ ఇక్కడ ఆగుతుందనే ఇది రాశాను.

అక్కయ్యా, ఆ టైరు పాతది కాదు. నేను చెప్పి వేయించినదే.