అడ్రసు మోసే బొమ్మ

ఉస్మాన్‌సాగర్‌కూ హిమాయత్‌సాగర్‌కూ నడుమ ఉన్న ఊరు మొయినాబాద్. చేవెళ్ల వెళ్లే ఆ దారిలో ఇంజనీరింగ్ కాలేజీలు చాలానే వెలిశాయి. వాటిలో ఒకదానిలో రెండు జలాశయాల నీటిమట్టాల మీద ప్రాజెక్టు చేస్తున్న అమ్మాయి, ఎక్సెల్ పట్టికను పవర్‌పాయింట్ స్లైడ్‌కు లింక్ చేసి, స్లైడ్ల ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది. హాల్లోని కంప్యూటర్‌లో ఎక్సెల్ ఫైల్ లేనే లేదు. అయినా హిమాయత్‌సాగర్ పూర్తి మట్టం 1763.50 అడుగులు, పక్కన ఆ వారం మట్టాలు, అన్నీ తెర మీద కనిపించాయి. "లింక్ తెగిపోయింది కదా సార్, మరి అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అని అడిగింది.

ఎంత మంచి ప్రశ్న! లింక్ అనగానే షీట్ నుంచి స్లైడ్ దాకా ఏదో గొట్టం వేసి ఉందనుకుంటాం. అలాంటిదేమీ లేదు. నమ్మకం లేకపోతే స్లైడ్ల ఫైల్‌కు ఒక నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడండి. ఒక మూల మామూలు బొమ్మ ఉంటుంది: చివరిసారి చూసినప్పుడు పట్టిక ఎలా ఉందో దాని చిత్రం. ఇంకో మూల ఒక చిన్న వాక్యం: ఫలానా డ్రైవ్, ఫలానా ఫోల్డర్, ఫలానా ఫైల్, మొదటి షీట్, రెండో వరుస నుంచి తొమ్మిదో వరుస దాకా. దాని పక్కనే, ఈ సరుకు ఎక్సెల్‌ది అని చెప్పే గుర్తు. బొమ్మ, అడ్రసు, యజమాని పేరు. లింక్ అంటే ఈ మూడే. ఆ హాల్లో అందరూ చూసింది బొమ్మనే.

ఈ బొమ్మను దాచాలన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం. ఆ ఆలోచన రాకముందు, 1987లో, విండోస్‌లో డీడీఈ అనే పద్ధతి వచ్చింది. అందులో రెండు ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకుంటాయి. హాట్ లింక్ అయితే అంకె మారగానే కొత్త అంకె వచ్చేస్తుంది. వార్మ్ లింక్ అయితే "మారింది" అన్న కబురు మాత్రమే వస్తుంది, కావాలంటే అడిగి తెచ్చుకోవాలి. తెలివైన ఏర్పాటే, కానీ రెండు ప్రోగ్రాములూ మేలుకొని ఉంటేనే మాట సాగుతుంది. బొమ్మను దాచే ఈ పద్ధతి, అంటే 1990ల మొదట్లో వచ్చిన ఓఎల్ఈ, ఆ ఇబ్బంది తీర్చింది. యజమాని నిద్రపోతున్నా బొమ్మ కనిపిస్తుంది. అప్‌డేట్ నొక్కితే, ఆ ఫైల్ ఇప్పటికే ఎక్కడైనా తెరిచి ఉందా అని విండోస్ తన దగ్గరున్న ఒక పట్టీలో చూస్తుంది. ఉంటే నేరుగా దానితోనే మాట్లాడిస్తుంది. లేకపోతే 128 బిట్ల గుర్తింపు సంఖ్యను బట్టి యజమాని ఎవరో కనుక్కొని, ఎక్సెల్‌ను లేపి, ఫైల్ తెరిపించి, కొత్త బొమ్మ గీయిస్తుంది. పాతది పోయి కొత్తది చేరుతుంది.

బలహీనత అంతా అడ్రసులోనే. ఫోల్డర్ పేరు మారిస్తే లింక్ గుడ్డిదవుతుంది. అంతకన్నా ప్రమాదం ఇంకొకటుంది. స్లైడ్ల ఫైల్ మూసి ఉన్నప్పుడు ఎవరో షీట్ పైభాగంలో నాలుగు వరుసలు చేరుస్తారు. అంకెలు కిందికి జరుగుతాయి, అడ్రసు మాత్రం రెండో వరుస దగ్గరే నిలబడి ఉంటుంది. అప్‌డేట్ నొక్కితే ఏ ఫిర్యాదూ లేకుండా వేరే అంకెల బొమ్మ వచ్చి కూర్చుంటుంది. తనను ఎవరు చూస్తున్నారో షీట్‌కు తెలియదు మరి! ఎక్సెల్ ఫైల్‌లో ఆ లింక్ జాడే ఉండదు.

సరిగ్గా ఇక్కడే ఆపిల్ ఇంకో దారి తొక్కింది. 1991 నాటి సిస్టమ్ 7లో "పబ్లిష్ అండ్ సబ్‌స్క్రైబ్" ఉండేది. షీట్ రాసినవారే ఈ భాగాన్ని ప్రచురిస్తున్నాను అని గీత గీస్తారు. దాంతో ఎడిషన్ అనే మూడో ఫైల్ పుడుతుంది. షీట్ సేవ్ చేసినప్పుడల్లా ఎడిషన్ కొత్తదవుతుంది, చందాదారులైన పత్రాలు దాన్ని తెచ్చుకుంటాయి. హద్దు షీట్‌లోనే ఉంది, తన అంకెలు బయటికి పోతున్నాయని రాసేవారికి తెలుసు. నా మటుకు ఇదే మరింత నిజాయితీ గల పద్ధతి. అయినా ఓడిపోయింది. ప్రతి ముక్కకూ ఒక అదనపు ఫైల్ పుట్టించే ఓపిక జనానికి లేకపోయింది, ఓఎల్ఈకి కాపీ, పేస్ట్ స్పెషల్, పేస్ట్ లింక్ చాలు. విచిత్రమేమంటే ఎక్సెల్ (1985), పవర్‌పాయింట్ (1987) రెండూ ముందు ఆపిల్ మాకింటాష్ మీదే పుట్టాయి. రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్‌లు ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో తయారుచేసిన పవర్‌పాయింట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడే 1.4 కోట్ల డాలర్లకు కొనేసింది.

తరువాతి కథ చకచకా సాగింది. ఓఎల్ఈకి పోటీగా ఆపిల్, ఐబీఎం కలిసి తెచ్చిన ఓపెన్‌డాక్‌ను 1997లో ఆపిల్ ఆపేసింది.   పాత డీడీఈ దారిలో దాడులు జరగడంతో 2017 డిసెంబరులో వర్డ్‌లో దాన్ని ఆపి ఉంచారు. స్లైడ్లు తెరవగానే లింకులు అప్‌డేట్ చేయమంటారా అని పవర్‌పాయింట్ అడిగేది కూడా అలాంటి జాగ్రత్తతోనే.

గూగుల్ 2016లో షీట్స్ చార్టును స్లైడ్స్‌కు లింక్ చేసే సదుపాయం ఇచ్చింది. అక్కడ డ్రైవ్, ఫోల్డర్ గొడవ లేదు, ఫైల్ పేరు మార్చినా లింక్ తెగదు. అంకె మారితే చార్టు తనంతట తాను మారదు, మూలలో అప్‌డేట్ బటన్ కనిపిస్తుంది. పాత వార్మ్ లింక్ పద్ధతే ఇది, నాకు నచ్చేదీ ఇదే: సభలో నిలబడి చదవబోయే అంకె మనం చూడకుండా మారకూడదు. ఆ బటన్ నొక్కాలంటే మూల షీట్‌ను చూసే అనుమతి ఉండాలి. అది లేనివారికి ఇక్కడా మిగిలేది చివరి బొమ్మే.