పాత కంప్యూటర్‌కు కొత్త వ్యవస్థ.. తొందరపడితే మొదటికే మోసం

మీట నొక్కేముందు నకలు తీసుకోవడమే అసలు రక్షణ
విండోస్ 10 వినియోగదారులు తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంట్లో ఓ మూల బల్లపై పదేళ్ల నాటి కంప్యూటర్. పిల్లల మార్కుల జాబితాల నకళ్లు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ ప్రతులు, పెళ్లి ఫొటోలు, నేడు మన మధ్య లేని పెద్దల చిత్రాలు... అన్నీ అందులోనే. అమ్మబోతే యంత్రానికి పెద్దగా ధర పలకదు. అందులో ఉన్నవాటికి మాత్రం వెల కట్టలేం. తెరపై ‘అప్‌డేట్’ సూచన కనిపించగానే కొందరు వెనకాముందు చూడకుండా మీట నొక్కేస్తున్నారు. మరికొందరు ఏమవుతుందోనన్న భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నారు. రెండూ ప్రమాదమే. ఒక పద్ధతి ప్రకారం చేసుకుంటే పాత యంత్రాన్ని సైతం సురక్షితంగా కొత్త వ్యవస్థలోకి మార్చుకోవచ్చు.

ఎందుకీ హడావుడి?

ఇళ్లలోని కంప్యూటర్లలో అత్యధికం మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించిన విండోస్ వ్యవస్థపైనే నడుస్తాయి. 2015 జులైలో విడుదలైన విండోస్ 10కు ఆ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 7కు 2020 జనవరిలో, 8.1కి 2023 జనవరిలోనే ముగిసిపోయింది. మద్దతు ముగిసినంత మాత్రాన కంప్యూటర్ ఆగిపోదు. యథాప్రకారం పనిచేస్తుంది. అయితే వ్యవస్థలో కొత్తగా బయటపడే లోపాలను సరిచేసే భద్రతా సవరణలు ఉచితంగా, వాటంతటవే రావడం నిలిచిపోతుంది. తాళం పాడైన తలుపుతో కాపురం ఉన్నట్లే.

విండోస్ 10 గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా సవరణలు అందించే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇందులో పేరు నమోదు చేసుకున్నవారికే అవి అందుతాయి. అందుకు యంత్రంలో విండోస్ 10 చివరి రూపమైన 22హెచ్2 ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా అవసరం. ఇది గడువు పొడిగింపే తప్ప శాశ్వత పరిష్కారం కాదు.

వాయిదా వేస్తే ఏమవుతుంది?

2017 మే నెలలో ‘వానాక్రై’ అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించాలంటే సొమ్ము చెల్లించాలని తెరపై హెచ్చరిక నిలిపింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ ఆసరా చేసుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే సవరణ విడుదల చేసింది. మద్దతు ఉన్న యంత్రాలకు రెండు నెలల ముందే మందు అందుబాటులోకి వచ్చింది. దానిని వేసుకోని యంత్రాలే ఎక్కువగా నష్టపోయాయి. అప్‌డేట్‌ను అశ్రద్ధ చేయరాదనేందుకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

మొదట నకలు.. తర్వాతే మీట

అప్‌డేట్ సమయంలో అత్యధిక నష్టం యంత్రానికి కాదు, దానిలోని సమాచారానికే వాటిల్లుతుంది. ఇక్కడే రెండు అపోహలు కొంప ముంచుతున్నాయి. మొదటిది.. డెస్క్‌టాప్‌పై ఉన్నవి భద్రమేనన్న నమ్మకం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు సాధారణంగా ‘సి’ డ్రైవ్‌లోనే ఉంటాయి. మరమ్మతు దుకాణంలో ‘ఫార్మాట్’ చేశారంటే మొట్టమొదట చెరిగిపోయేవి అవే. రెండోది.. ‘డి’ డ్రైవ్‌లో దాస్తే చాలన్న ధీమా. చాలా పాత కంప్యూటర్లలో సి, డి రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌కు చేసిన భాగాలు. డిస్క్ చెడిపోతే రెండూ పోతాయి.

కాబట్టి నకలు యంత్రం వెలుపల ఉండాలి. బయటి హార్డ్‌డిస్క్‌లోకి గానీ, సరిపడా సామర్థ్యమున్న పెన్‌డ్రైవ్‌లోకి గానీ ఫైళ్లను కాపీ చేసుకోవాలి. కాపీ అయ్యాక వీలైతే మరో కంప్యూటర్‌కు పెట్టి నాలుగైదు ఫొటోలు, పత్రాలు తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్లే. అనంతరం ఆ డ్రైవ్‌ను యంత్రం నుంచి తీసి బీరువాలో పెట్టాలి. అప్‌డేట్ జరిగేటప్పుడు దానిని తగిలించి ఉంచరాదు. అతి ముఖ్యమైన పత్రాలను గూగుల్ డ్రైవ్ వంటి చోట అదనంగా దాచుకోవడం మంచిది. అక్కడ 15 జీబీ వరకు ఉచితం. ఇంట్లో వ్యాపార లెక్కలు రాసుకునేవారు ట్యాలీ వంటి సాఫ్ట్‌వేర్ల డేటా ఫోల్డర్‌ను విడిగా కాపీ చేసుకోవాలి. పాస్‌వర్డ్‌లు, సాఫ్ట్‌వేర్ల కీలక సంఖ్యలు కాగితంపై రాసుకోవాలి.

డిస్క్ నుంచి టకటకమన్న శబ్దం వస్తున్నా, ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతున్నా అది చివరి దశలో ఉందని అనుమానించాలి. అలాంటప్పుడు అప్‌డేట్ ఊసెత్తకుండా ముందు ఫైళ్లను బయటికి తీసుకోవాలి.

యంత్రానికి ఆ శక్తి ఉందా?

ప్రస్తుతం ఏ వ్యవస్థ ఉందో తెలుసుకోవడం తేలిక. కీబోర్డుపై విండోస్ గుర్తున్న మీటను, ‘ఆర్’ మీటను కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఆంగ్ల అక్షరాల్లో డబ్ల్యూ-ఐ-ఎన్-వి-ఇ-ఆర్ అని టైపు చేసి ఎంటర్ కొడితే వివరాలు కనిపిస్తాయి.

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ సామర్థ్యం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ సదుపాయం ఉండాలి. అసలు అడ్డంకి ప్రాసెసర్ వద్దే వస్తుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో కొద్ది మినహాయింపులతో 8వ తరం, ఆ పైవాటినే అనుమతిస్తారు. ఐ5-7400 అని ఉంటే అది 7వ తరం.. అర్హత లేదు. ఐ5-8400 అని ఉంటే 8వ తరం.. అర్హత ఉంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ సాఫ్ట్‌వేర్ ఈ సంగతి నిమిషంలో తేల్చేస్తుంది.

కొన్ని యంత్రాల్లో టీపీఎం సదుపాయం ఉన్నా బయోస్‌లో ఆపి ఉంటుంది. ఇంటెల్ యంత్రాల్లో పీటీటీ, ఏఎండీ యంత్రాల్లో ఎఫ్‌టీపీఎం పేరుతో కనిపిస్తుంది. దీనిని మార్చేముందు డిస్క్‌కు ‘బిట్‌లాకర్’ రక్షణ ఉందేమో చూసుకోవాలి. ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే రాసి పెట్టుకోవాలి. లేకుంటే సొంత కంప్యూటరే యజమానిని లోపలికి రానివ్వని పరిస్థితి తలెత్తుతుంది.

కరెంటు, నెట్ చూసుకున్నాకే..

మార్పు మొదలయ్యాక మధ్యలో కరెంటు పోతే వ్యవస్థ సగంలో ఆగి, కంప్యూటర్ తెరుచుకోకపోవచ్చు. పాత యూపీఎస్‌ల బ్యాటరీలు పేరుకే ఉంటాయి. ముఖ్యమైన పనులేవీ తెరిచి లేనప్పుడు యూపీఎస్ ప్లగ్ స్విచ్ ఆపి, కంప్యూటర్ ఎంతసేపు నిలుస్తుందో ముందే పరీక్షించాలి. ఇన్వర్టర్ ఉన్నవారు కంప్యూటర్‌ను దానికి అనుసంధానించుకోవచ్చు. కోతల వేళలు తెలిస్తే ఆ సమయాన్ని తప్పించాలి. ల్యాప్‌టాప్ అయితే పూర్తిగా ఛార్జ్ చేసి, ఛార్జర్ తగిలించే ఉంచాలి.

విండోస్ 11కు మారాలంటే నాలుగైదు జీబీలు, ఒక్కోసారి అంతకు పైగా డౌన్‌లోడ్ అవుతుంది. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తో చేస్తే రోజువారీ డేటా మధ్యలోనే అయిపోతుంది. ‘సి’ డ్రైవ్ నిండుగా ఉంటే అనవసర ఫైళ్లు తొలగించి జాగా చేయాలి. ప్రింటర్, స్కానర్ వంటి పరికరాల తీగలు తీసేసి, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచాలి.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ విభాగం ద్వారానే మార్పు ప్రారంభించాలి. అసలైన విండోస్ 10 ఉండి, యంత్రానికి అర్హత ఉంటే విండోస్ 11 ఉచితమే. హార్డ్‌డిస్క్ ఉన్న పాత యంత్రాల్లో గంటల సమయం పట్టవచ్చు. తెరపై శాతం అంకె ఒకేచోట నిలిచిపోయినట్లు కనిపించినా, పలుమార్లు ఆగి మొదలైనా కంగారుపడి స్విచ్ ఆపరాదు.

పది రోజుల వెసులుబాటు

కొత్త వ్యవస్థ నచ్చకపోయినా, ప్రింటర్ పనిచేయకపోయినా పది రోజుల్లోగా పాతదానికి తిరిగి వెళ్లే వీలుంది. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో రికవరీ విభాగంలో ‘గో బ్యాక్’ అన్నది ఎంచుకోవాలి. జాగా కోసమని ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డర్‌ను తొలగిస్తే ఈ అవకాశం పోతుంది. అందుకే మొదటి వారంలోనే ప్రింటర్, స్కానర్, శబ్దం, నిత్యం వాడే సాఫ్ట్‌వేర్లన్నీ ఒకసారి నడిపి చూడాలి.

తెలుగు డీటీపీ పనులు చేసేవారు మరింత జాగ్రత్త వహించాలి. పేజ్‌మేకర్, అను ఫాంట్ల పాత వెర్షన్లు కొత్త వ్యవస్థలో పనిచేస్తాయో లేదో విక్రేతను ముందే అడగాలి. విండోస్ 11లో 32 బిట్ రూపం లేదు. కాబట్టి మరీ పాతవైన 16 బిట్ సాఫ్ట్‌వేర్లు అందులో నడవవు. ఏళ్లనాటి పుస్తకాల ఫైళ్లు తెరుచుకోకపోతే ఉపాధికే ఇబ్బంది.

అర్హత లేని యంత్రాల మాటేమిటి?

నిబంధనలను తప్పించి విండోస్ 11 వేస్తామని కొందరు ముందుకొస్తుంటారు. అలాంటి యంత్రాలకు భవిష్యత్తు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే స్పష్టం చేసింది. ఉచితంగా లభించే లినక్స్ మింట్ వంటి వ్యవస్థలు మెరుగైన ప్రత్యామ్నాయం. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, నచ్చితేనే డిస్క్‌లో వేసుకోవచ్చు. ఇంటర్నెట్, ఉత్తరాలు, యూనికోడ్ తెలుగు టైపింగ్‌కు సరిపోతుంది. విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్లు మాత్రం చాలావరకు నేరుగా పనిచేయవు. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయిస్తే పాత యంత్రం వేగం గణనీయంగా పెరుగుతుంది. ఏదీ కుదరకపోతే ఆ కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, బ్యాంకు లావాదేవీలకు ఎంతమాత్రం వాడరాదు.

‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అంటూ వచ్చే ఫోన్లను నమ్మరాదు. ఆ సంస్థ అలా తనంతట తానుగా ఫోన్ చేయదు. వారు చెప్పిన సాఫ్ట్‌వేర్ వేసుకుంటే యంత్రం వారి చేతికి చిక్కుతుంది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

దుకాణానికి ఇచ్చే ముందు..

* నకలు తీసి, తెరిచి చూసుకున్నాకే యంత్రాన్ని అప్పగించాలి.
* ‘ఫార్మాట్ చేస్తారా, ఫైళ్లు ఉంచి మారుస్తారా’ అని స్పష్టంగా అడగాలి.
* దొంగ ప్రతి కాకుండా అసలైన విండోస్ వేయాలని కోరాలి. దొంగ ప్రతులతో పాటే వైరస్‌లూ రావచ్చు.
* పని పూర్తయ్యాక ఫొటోలు, పత్రాలు అక్కడే తెరిచి చూసుకోవాలి.
* నెల గడిచి అన్నీ సవ్యంగా ఉన్నా బీరువాలోని నకలును చెరపరాదు.

యంత్రం పోతే మరొకటి కొనుక్కోవచ్చు. తాతయ్య ఫొటో పోతే మళ్లీ తీయించుకోలేం. ఒక పూట కేటాయించి నకలు తీసుకుంటే ఆ బెంగ ఉండదు.